గురువారం బడి

శ్రావణి బడి మానేసిన సంగతి అనూరాధ కొన్ని వారాల పాటు గమనించలేదు. గమనించడం ఆమెకు ఇష్టం లేకపోయిందంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. కూతురు సుహాసినికి సముద్రం ఒడ్డున ఒక తోడు దొరికింది. ఆ తోడు ప్రతి గురువారం బడి వేళకి అక్కడెలా ఉంటోందని ఆమె తనను తాను ప్రశ్నించుకోలేదు.

ఆ గురువారం కూడా పొద్దున్నే బయల్దేరారు. అనూరాధ స్కూటీ, వెనక ఏడేళ్ళ కొడుకు శివాజీ, పక్కనే సుహాసిని సైకిలు. ఊరి చివర హైస్కూలు దాటి, రొయ్యల చెరువుల గట్ల వెంట, సరుగుడు తోటల మధ్య నుంచి పోతే సముద్రం. గురువారం ఇంట్లో పుస్తకం తెరవకూడదని ఆ ఇంటి నియమం. మిగతా రోజుల్లో లెక్కలూ తెలుగూ ఇంగ్లీషూ వంటింటి పక్క గదిలో నడుస్తాయి. గురువారం మాత్రం బయటే. ఒక వారం జీడితోట, ఒక వారం కోటబొమ్మాళి రైల్వే స్టేషను, చలికాలంలో కొంగలు దిగే చెరువు. ఈ వానాకాలమంతా ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికే పోతున్నారు. అక్కడ ఇసుక మేట ఒక చోట నిలవదు. పిల్లలు నీటి అంచున సరుగుడు కర్ర పాతి వస్తారు. మళ్ళీ వారం వెళ్ళి, నీళ్ళు ఎంత జరిగాయో అడుగులేసి కొలుస్తారు.

"అమ్మా, కర్ర లేదు!" ముందు పరుగెత్తిన శివాజీ అరిచాడు. "సముద్రం తినీసినాది!"

"తినీసినాదా, తీసుకెళ్ళి ఇంకోచోట పడేసినాదా? మనకెలాగ తెలుస్తాది?" అంది అనూరాధ, చెప్పులు విడుస్తూ.

వాడు ఆలోచనలో పడ్డాడు. సుహాసిని అప్పటికే అక్కడ లేదు. ఎగువన, ఇసుక మీద పరిచిన పాత వలల దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ శ్రావణి ఆరబోసిన నెత్తళ్ళ చేపల్ని ఈనెల చీపురుతో తిరగేస్తోంది. పదమూడేళ్ళుంటాయి. సుహాసిని కంటే ఒక ఏడాది పెద్ద.

"ని...ని...నిన్నటివేనా ఇవి?" అడిగింది సుహాసిని.

సుహాసిని మాట మొదట్లోనే పట్టేసినప్పుడు శ్రావణి చీపురు ఆపింది. మాట పూర్తయ్యాకే మళ్ళీ ఊడ్చింది. తొందర పెట్టలేదు, మిగతా మాట తను అందించలేదు. ఎండకి కళ్ళు చికిలించుకుని, అలల వైపు చూస్తున్నట్టు నిలబడింది, అంతే.

అది అనూరాధ దూరం నుంచి చూసింది. సుహాసిని నాలుగో తరగతిలో ఉండగా శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు బడిలో, టీచరు ఆ పిల్లని నిలబెట్టి, అది తన పేరు చెప్పేలోగా ఎన్ని అంకెలు లెక్కపెట్టొచ్చో క్లాసంతటి చేతా లెక్కపెట్టించింది. అదే బడిలో అనూరాధ పై తరగతులకి సైన్సు చెప్పేది. ఆ సాయంత్రం తల్లీకూతుళ్ళిద్దరూ బయటికి వచ్చేశారు, మళ్ళీ వెళ్ళలేదు.

దగ్గరికి వెళ్ళాక ఆమె కళ్ళు శ్రావణి బట్టల మీద పడ్డాయి. పైన ఎవరిదో మగపిల్లాడి పాత చొక్కా. కింద ఉన్నది బడి యూనిఫాం. ఈ ఏటిదే, ఇంకా రంగు పోలేదు. అంచంతా చేప పొలుసు.

"శ్రావణీ, ఈరోజు బడి లేదేటమ్మా?"

"ఉన్నాది, టీచరమ్మా."

"మరి?"

"మానీసినాను." చీపురు ఈనెలు అరచేతిలో కొట్టి సరిచేసుకుంది. "మా మామ్మ మానిపించీసినాది."

"ఎందుకు?"

శ్రావణి సుహాసిని వైపు చూసింది. సుహాసిని తల దించుకుంది.

"మ...మ...మనల్ని సూసి," అంది సుహాసిని. "టీచరమ్మ పిల్లలే ఎల్లట్లేదు, నీకెందుకు అని."

"నీకు ముందే తెలుసా?"

సుహాసిని తలూపింది. ఆ తల ఊపడంలో ఉన్నదేమిటో అనూరాధకి వెంటనే అర్థమైంది. తోడు పోతుందన్న భయం. తనకి ఉన్నదే అది.

*

శ్రావణి మామ్మ దాలమ్మ ఇంటి నీడన కత్తిపీట ముందు కూర్చుని చేపలు చీలుస్తోంది. కడుపు ఒక్క కోతలో తెరిచి, బొటనవేలితో లోపలిదంతా గీకి పక్కకి విసిరి, గుప్పెడు రాళ్ళుప్పు కూరి, చేపని మూసి గంపలో పెడుతోంది. అనూరాధని చూసి చెయ్యి ఆపకుండానే ఒక బోర్లించిన గంపని కాలితో ముందుకు తోసింది.

"రా టీచరమ్మా, కూకో."

"మామ్మా, శ్రావణిని బడి మానిపించీసినారంట."

"మానిపించీసినాను."

"అది బాగా చదువుతాది కదా మామ్మా. ఎనిమిదో తరగతి. ఇంకో రెండేళ్ళు ఆగితే..."

"నీ గుంట బాగా సదవదేటి?"

అనూరాధ గంప మీద కూర్చుంది.

"నువ్వు సదువుకున్నదానివి," అంది దాలమ్మ, ఇంకో చేప అందుకుంటూ. "ఎచ్చెర్ల కాడ యూనివర్సిటీలో సదివినావంట. అలాటిదానివి నీ గుంటల్ని బడికి పంపకండా ఈ ఇసకలో తిప్పుతన్నావు. పేటంతా సూస్తన్నాది. బడిలో ఏదో మంచి నేదనే కదా? నీకు తెలిసినాక నాకు తెలవదేటి?"

"మాది వేరు మామ్మా. ఇంటికాడ నేను చెప్తాను."

"అయితే దీనికీ సెప్పు."

"వారానికో రోజు చెప్తే సరిపోదు. రోజూ కూర్చోవాలి. రేప్పొద్దున్న పరీక్షలనీ, సర్టిఫికెట్టనీ..."

"నీ దానికి అక్కర్లేదా సర్టిఫికెట్టు?"

దాలమ్మ ఈసారి కత్తిపీట మీంచి చూపెత్తింది. కోపంగా లేదు ఆ చూపు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"నీ గుంటకి అక్కర్లేని బడి నా గుంటకెందుకో, అది సెప్పు ముందు. సెప్పీసి, దీన్ని తీసుకెల్లి బడిలో కూకోబెట్టీ. నానేటీ అనను."

జవాబు అనూరాధ నోటి దాకా వచ్చింది. నా కూతురు బడికి వెళ్ళకపోయినా చదువుకున్న తల్లి ఉంది, తండ్రికి సొంత దుకాణం ఉంది, ఇంకో దారి వెతుక్కుంటుంది. నీ మనవరాలికి ఆ ఒక్క దారే ఉంది. జవాబు అదే. కానీ మోచేతుల దాకా ఉప్పు అంటిన మనిషి ఎదురుగా కూర్చుని, ఆ మాట ఎలా అనాలో ఆమెకి తెలియలేదు. ముందుకు తోసిన గంప మీద ఇంకాసేపు కూర్చుని, లేచి వచ్చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు హైస్కూలు ముందు రోజూకంటే వేగంగా పోనిచ్చింది.

*

అనూరాధ భర్త ఉమాశంకర్‌ది మోటారు వైండింగు దుకాణం. రొయ్యల చెరువుల్లో నీటిని చిలికే యంత్రాల మోటార్లు వానాకాలంలో ఎడాపెడా కాలిపోతాయి. చీకటి పడకముందే రెండు పూర్తి చెయ్యాలని అతను అచ్చు మీద రాగితీగ చుడుతున్నాడు. చుట్లు లెక్కపెడుతున్నప్పుడు అతన్ని పలకరించకూడదు. అనూరాధ గుమ్మంలో నిలబడి, పెదాల కదలిక ఆగే దాకా చూసింది. అతను చుట్టని దారంతో కట్టి, అచ్చులోంచి జాగ్రత్తగా జార్చి, పాత పేపరు మీద పెట్టాడు.

"ఇప్పుడు సెప్పు," అన్నాడు.

చెప్పింది. దాలమ్మ అడిగినదీ, తను చెప్పలేకపోయినదీ అంతా.

"ఇంక సముద్రం కాడికి ఎళ్ళొద్దనుకుంటన్నాను బావా. నన్ను చూసి ఇంకో నలుగురు మానిపిస్తారు."

"నువ్వు ఎల్లడం మానీస్తే ఆ పిల్లని పంపీస్తారేటి?"

"పంపరు."

"మరి?" ఉమాశంకర్ కాలిన మోటారుని తన వైపు తిప్పుకుని, నల్లబడ్డ తీగని పటకారుతో లాగసాగాడు. "ఈ మోటారు తెచ్చినోడు కరెంటోల్ల మీద ఏసినాడు తప్పు. ఓల్టేజీ పెరిగిపోనాదంట, కాలిపోనాదంట. ఇప్పి సూస్తే బేరింగు పట్టీసున్నాది. ముసల్ది నీ పేరు సెప్పినాది. అదే అసలు సంగతో, లోపల ఇంకేటైనా పట్టీసున్నాదో, ఇప్పి సూసినావా?"

"ఎలాగ చూస్తాను? అడిగితే నన్నే ఎదురడుగుతాది."

లోపలి గుమ్మం దగ్గర చప్పుడైంది. సుహాసిని. ఎప్పటి నుంచి వింటోందో.

"అ...అమ్మా, వచ్చే గురువారం బ...బ..."

ఇద్దరూ ఆగారు. ఉమాశంకర్ పటకారు కిందపెట్టాడు.

"బడికి ఎల్దామా?"

"ఏ బడికి?"

"ఇదే. మనూరి హైస్కూలు. సూడ్డానికి. స్టేషను సూసినాం, జీడితోట సూసినాం, అన్నీ సూసినాం. బ...బడి సూడలేదు. శ్రావణినీ, దాలమ్మ మామ్మనీ కూడా తీసుకెల్దాం."

"అక్కడ నిన్ను పేరు అడుగుతారమ్మా," అంది అనూరాధ.

"అ...అడగనీ," అంది సుహాసిని. గట్టిగా ఏమీ అనలేదు. చెప్పిన తరువాత కాసేపు తలుపు గడియని పైకీ కిందకీ ఆడించి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి దానికి నిద్ర పట్టిందో లేదో గానీ, అనూరాధకి పట్టలేదు.

*

సోమవారం ఆమె ఒక్కతే బడికి వెళ్ళింది. హెడ్మాస్టరు నరసింగరావు వరండాలో మంచినీళ్ళ కుళాయి దగ్గర వంగి, తనే కొత్త వాషరు బిగిస్తున్నాడు. బక్కపల్చటి మనిషి. ఆమె చెప్పినదంతా విన్నాడు. కుళాయి తిప్పి చూశాడు. నీరు ఆగింది.

"ప్రతి గురువారం మీరు నా గేటు ముందు నుంచే వెళ్తారమ్మా," అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. "మా పిల్లలు కిటికీలోంచి చూసి, 'సార్, మనమెప్పుడెల్తాం?' అంటారు. వాళ్ళకి జవాబు చెప్పలేక చస్తున్నాను. మీరేమో ఇప్పుడు లోపలికి వస్తానంటున్నారు."

"చూడ్డానికే సార్. చేర్చడానికి అని కాదు."

"చూడండి. దానికి అడ్డేముంది? శ్రావణి పేరు మేమింకా తీసెయ్యలేదు. రెండుసార్లు మనిషిని పంపాను. ముసలామె మాటతో కొట్టి పంపించింది." కాస్త తటపటాయించి అన్నాడు. "మీ అమ్మాయి సంగతి నేను విన్నాను. ప్రార్థనలో ముందు నిలబెట్టడం అలాంటివేవీ ఉండవు. గంట కొట్టాక నేరుగా క్లాసుకి రండి."

దాలమ్మని ఒప్పించడం అంత తేలికైన పని కాదనుకుంది అనూరాధ. తీరా చెప్పేసరికి ఆ ముసలావిడ కత్తిపీట పక్కకి జరిపింది.

"నన్నెవులు రానిస్తారు?" అంది. "ఈ పిల్లని సేర్చిన్నాడు కూడా దీని అమ్మే ఎల్లినాది. నాను గేటు దాటి లోపలికి ఎప్పుడూ ఎల్లనేదు."

"నాతో వస్తావు కదా మామ్మా."

"సేపల వాసనేస్తాది నాకాడ."

"ఏస్తే ఏసినాది."

దాలమ్మ నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు.

*

గురువారం దాలమ్మ ఉతికిన చీర కట్టుకుని, జుట్టుకి నూనె రాసుకుని, మనవరాలిని వెంటబెట్టుకుని గేటు దగ్గర అందరికంటే ముందే నిలబడి ఉంది. శ్రావణి యూనిఫాంకి అంటిన పొలుసంతా ఎవరో కూర్చుని గోటితో గీకి తీసినట్టున్నారు.

ఎనిమిదో తరగతి గదిలో బల్లలు సగమే ఉన్నాయి. ముందు వరసల పిల్లలు కింద కూర్చున్నారు. సైన్సు చెప్పే టీచరు చిన్నపిల్లలాగే ఉంది. శ్రావణి తన పాత చోటికి వెళ్ళి కూర్చుంది, సుహాసిని పక్కన. అనూరాధ గుమ్మం బయట, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"కొత్తగా వచ్చావు. నీ పేరేమిటమ్మా?"

సుహాసిని లేచింది.

"సు..."

గదిలో కదలిక తగ్గింది. వెనక బల్ల మీంచి ఒక కిచకిచ. సుహాసిని మెడ నరం బిగుసుకోవడం అనూరాధకి ఇక్కడి నుంచే కనిపించింది. లోపలికి వెళ్ళిపోవాలనిపించింది. పేరు తను చెప్పేసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోవాలనిపించింది. కాలు కదిపింది కూడా. వెనక నుంచి దాలమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

టీచరు నవ్వినవాణ్ణి తిట్టలేదు. వాడి వైపు చూడను కూడా చూడలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది, తనకిప్పుడు ఇంకే పనీ లేనట్టు. శ్రావణి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"సు...సు...సుహాసిని."

"ఎక్కడి నుంచి వచ్చావు సుహాసినీ? ఇన్నాళ్ళూ ఎక్కడ చదివావు?"

సుహాసిని ఒక క్షణం ఆలోచించింది. "సము...ద్రం కాడ," అంది.

గది గొల్లుమంది. ఈసారి సుహాసిని కూడా నవ్వింది. సముద్రం దగ్గర ఏం చదువుతారని టీచరు అడిగింది. మొగ జరగడం గురించి సుహాసిని చెప్పడం మొదలుపెట్టింది. మూడు చోట్ల ఆగింది. ఒకచోట బాగా ఆగింది. ఇసుక మేట ఏ పక్కకి జరిగిందో మాటతో చెప్పలేక బోర్డు దగ్గరికి వెళ్ళి గీసింది. వెనక బల్లలోంచి నవ్విన పిల్లాడే, వాళ్ళది మొగ దగ్గరి పేటే కాబోలు, "కాదు, అటు కాదు, ఇటు!" అని అరిచి లేచాడు.

విరామం గంటకి సుహాసిని బయటికి వచ్చి తల్లితో చెప్పింది.

"అ...అమ్మా, నువ్వెల్లిపో. నాను సాయంత్రం దాకా ఉంటాను."

"అన్నం?"

"ఇక్కడ పెడతారు కదా."

అనూరాధ ఇంటికి వెళ్ళలేదు. వరండా చివర మెట్ల మీద కూర్చుంది. ఆమె చేతులకి పనేమీ లేకుండా ఇన్ని గంటలు గడిచి ఎన్నాళ్ళయిందో.

*

దాలమ్మ కూర్చోలేదు. శివాజీని వెంటేసుకుని బడంతా తిరిగింది. సంతలో ఎద్దుని కొనేవాడు చూసినట్టు చూసింది. ముందు ఆడపిల్లల బాత్రూము దగ్గరికి వెళ్ళి, లోపలికి దూరి, గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసింది. "పడతన్నాది," అని బయటికి వచ్చి అనూరాధకి చెప్పింది. కుళాయి తిప్పింది. వంటగదిలో గరిటె అడిగి పుచ్చుకుని పప్పు రుచి చూసి, "ఉప్పు తక్కువ," అని వంటామెతో అనేసి వచ్చింది. నరసింగరావు గదిలో గోడకి ఉన్న పటాలన్నీ చూసింది. ఆ తరువాత వెనక గేటు దగ్గరికి పోయి, అక్కడే నిలబడిపోయింది.

ఎంతకీ రాకపోయేసరికి అనూరాధే వెళ్ళింది. వెనక గేటు నుంచి దారి రొయ్యల చెరువుల వైపు తిన్నగా పోయి, సరుగుడు తోట మొదట్లో మలుపు తిరుగుతుంది. దాలమ్మ ఆ మలుపు వైపే చూస్తోంది.

"బడి బాగానే ఉన్నాది, టీచరమ్మా."

"మరేటి మామ్మా?"

"బడి బాగోనేదని నాను ఎప్పుడన్నాను?"

అనూరాధ మిగతా మాట కోసం ఆగింది. ఆగడం వాళ్ళ ఇంట్లో అందరికీ అలవాటే.

"మా పేట నుంచి ముగ్గురు గుంటలు కలిసి వచ్చేవోరు," అంది దాలమ్మ. "ఒకర్తి హాస్టలుకి ఎల్లిపోనాది. ఇంకోర్తిని ఒరిస్సా ఒడ్డున మేనమావ కాడికి పంపీసినారు. ఇదొక్కర్తీ మిగిలిపోనాది. ఆ మలుపు కాడ మోటారుసైకిలోల్లు ఆగతన్నారు. ఒక మాటు కాదు. ఇది నాకు సెప్పనేదు. నాను ఎండుసేపల గంపట్టుకుని వస్తా నా కళ్ళతో సూసినాను."

"మరి ఎవరికైనా చెప్పి..."

"ఎవులికి సెప్పను?" దాలమ్మ గొంతు తగ్గించింది. "నా కొడుకు గుజరాత్ బోట్ల మీదున్నాడు. కోడలు లక్ష్మణమ్మ తెల్లారితే రొయ్యల షెడ్డుకి ఎల్లిపోతాది. ఆడపిల్లని దారిలో ఆపినారని నోరు జారినానంటే, పేటలో ఎవులూ ఆ బండోల్లనేటీ అనరు. 'ఇదేటి సేసినాదో' అంటారు. దాని పేరు పోతాది." చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంక మానిపిస్తే, ఎందుకు మానిపించినావని అడుగుతారు కదా? టీచరమ్మ తన గుంటల్నే పంపట్లేదు, సదువుకున్నదానికి తెలీదేటి అన్నాను. ఎవులూ మారు మాటాడనేదు. నీ పేరు గట్టిది, టీచరమ్మా. అందుకే దాన్నట్టుకున్నాను. నీకు కోపమొస్తే తిట్టు."

గేటు ఇనపకమ్మీలు ఎండకి కాలుతున్నాయి. అయినా అనూరాధ వాటిని పట్టుకుని మలుపు వైపు చూసింది. వారమంతా మోసిన తప్పు తనది కాకపోయింది. అందుకు తేలిక పడాలి. తేలిక పడలేదు. ప్రతి గురువారం ఆ మలుపులోంచే పిల్లలతో స్కూటీ మీద పోతూ, అక్కడ సరుగుడు చెట్ల మీద వాలే పిట్టల పేర్లు చెప్పింది. ఆ మలుపులో ఆగిన బండ్లు ఆమెకి ఒక్కనాడూ కనిపించలేదు.

"లక్ష్మణమ్మ షెడ్డుకి ఎలా వెళ్తాది మామ్మా?"

"ఆటో. ఆడోల్లంతా కలిసి ఎల్తారు. అది పెద్దరోడ్డు మీంచి పోతాది, ఇటు రాదు. జంక్షన్ కాడ ఆగుతాది."

"సాయంత్రం?"

"అదే ఆటో. బడి ఇడిసినాక కాసేపటికి వస్తాది."

"పొద్దున్న ఆటోలో అమ్మతోనే జంక్షన్ దాకా రానీ. అక్కడి నుంచి నేను తెస్తాను. సాయంత్రం నేనే తీసుకెళ్ళి ఆటో ఎక్కిస్తాను."

దాలమ్మ తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. చేపల బేరంలో కొనేవాళ్ళ ముఖం చూసినట్టు.

"రోజూ?"

"రోజూ."

"వానొస్తేనో?"

"వానొస్తే గొడుగు పట్టుకుని నడిచి వస్తాను."

"నీ మొగుడు ఒప్పుకుంటాడా?"

"నాకు కుదరని రోజు ఆయనొస్తాడు."

"మోటార్లు బాగుసేసే బాబేనా? మా పెద్ద చెరువోల్లది బాగుసేసినాడు. ఆ బాబైతే పరవాలేదు." దాలమ్మ మళ్ళీ మలుపు వైపు చూసి, గట్టిగా ఒక్కసారి గాలి పీల్చుకుంది. "ఆ బండోల్ల సంగతి ఎవులికీ సెప్పకు."

"పిల్ల పేరు చెప్పను," అంది అనూరాధ. "బండోళ్ళ సంగతి మాత్రం చెప్తాను మామ్మా. ఈ దారంట ఆడపిల్లలు నడుస్తారు, అక్కడ బండ్లు ఆగుతున్నాయి అని హెడ్మాస్టరుకి చెప్తాను. నేను చూశానని చెప్తాను. నా పేరు గట్టిదన్నావు కదా."

దాలమ్మ కొంగు నడుముకి దోపుకుంది.

"సెప్పు అయితే," అంది.

*

మధ్యాహ్నం నరసింగరావు గదిలో ఆ మాట జరిగింది. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా విన్నాడు. ఏ పిల్ల అని అడగలేదు. సాయంత్రాలు వ్యాయామం మాస్టారు కొన్నాళ్ళు ఆ మలుపు దాకా పిల్లలతో నడుస్తాడనీ, పోలీసు స్టేషనుకి తనే వెళ్తాననీ చెప్పాడు. అన్నీ అయ్యాక, ఆమె లేవబోతుండగా, "ఇంతకీ బడి చూడ్డం అయిందా అమ్మా?" అన్నాడు.

"నేను చూడలేదు సార్," అంది అనూరాధ. "దాలమ్మ మామ్మే చూసింది."

సాయంత్రం ఆమె, దాలమ్మ మెట్ల మీద కూర్చున్నారు. శివాజీ దాలమ్మ ఒళ్ళో తల పెట్టి నిద్రపోయాడు. వాడికి ఆ చేపల వాసన పట్టినట్టే లేదు. పెద్ద గంట కొట్టారు. ఒక్కసారిగా పిల్లలు గదుల్లోంచి విరుచుకుపడ్డారు. ఒకే రంగు బట్టల్లో ఇంతమందిలో తన కూతురు ఎక్కడుందో అనూరాధకి కనిపించలేదు. లేచి నిలబడింది. వేరే రంగు బట్టల్లో ఉన్నది అదొక్కతే, అయినా కనిపించలేదు.

తరువాత కనిపించింది. కుళాయి దగ్గర. చుట్టూ శ్రావణి, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు, పొద్దున నవ్విన ఆ పిల్లాడు. సుహాసిని వాళ్ళకి ఏదో చెబుతోంది. చెయ్యి గాల్లో లేచి ఉంది. నోరు తెరిచి ఉంది. మాట రావట్లేదు.

"సుహా..." అనబోయింది అనూరాధ.

దాలమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఉప్పులో ఎండి గట్టిపడిన చెయ్యి.

"పిలవకు. దాని మాట అవ్వనీ."

అనూరాధ నోరు మూసుకుంది. కుళాయి దగ్గర పిల్లాడు అసహనంగా కాలితో నేల గీకాడు గానీ కదిలి వెళ్ళలేదు. సుహాసిని చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆ తరువాత అది కిందకి దిగింది. ఏదో అంది. వాళ్ళు నలుగురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

కాసేపటికి సుహాసిని పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖమంతా చెమట, చేతులకి సుద్ద.

"అ...అమ్మా, నాను రేపు కూడా వస్తానని సెప్పీసినాను."

"ఎవరికి?"

"ఆల్లకి. టీచరుకి. హెడ్మాస్టరు సారుకి కూడా." ఊపిరి పీల్చుకుంది. "గు...గు..."

ఈసారి అనూరాధకి ఆగడం కష్టమనిపించలేదు.

"గురువారాలు మాత్రం రానని సెప్పీసినాను."

"సారేటన్నారు?"

"నవ్వీసినారు. తనూ వస్తానన్నారు. క్లాసంతటినీ తెస్తానన్నారు."

దాలమ్మ శివాజీని లేపి నిలబెట్టి, చీర దులుపుకుంది. "మీ ముచ్చట్లు తరవాత. ఆటో ఎల్లిపోతాది. బేగి రండి," అంది.

అనూరాధ స్కూటీ స్టార్టు చేసింది. శ్రావణి ఎక్కి కూర్చుని, పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుంది. పిల్లలిద్దరితో దాలమ్మ వెనకే నడక మొదలుపెట్టింది. అక్కడి నుంచి జంక్షను కిలోమీటరు కంటే ఎక్కువుండదు. రేపు, ఎల్లుండి, వానలో, ఎండలో రోజుకి రెండుసార్లు ఈ దారే. అనూరాధ గేటు దాటి మెల్లగా పోనిచ్చింది, దారికి రెండు పక్కలా చూసుకుంటూ.